చెక్కపలక చప్పుడు

"గురువుగారూ, ఎదురుగా నిలబడి వెక్కిరించేవాడూ, ఫోన్‌లో పేరు దాచుకుని వెక్కిరించేవాడూ ఒకటేనా?" అని అడిగాడు కుళ్ళాయప్ప. పదహారేళ్ళవాడు, మా తోలుబొమ్మల మేళంలో రావణుడి గొంతు వాడిదే. "బడిలో యశోద నత్తిని వెక్కిరించిన మాట నిజమే. మీరు తిట్టాక మానేశాను. ఇప్పుడెవడో ఫోన్‌లో చేస్తుంటే అందరూ నన్నే చూస్తున్నారు."

యశోద మా సీత. మాటకు నత్తిగానీ, తెర వెనక పద్యం ఎత్తుకుంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. తొమ్మిది రోజులుగా ఆ నత్తిని అనుకరిస్తూ, ఆడో మగో తెలియని గొంతొకటి బడిపిల్లల ఫోన్లన్నిటికీ వస్తోంది. ఆనాటి నుంచి ఆ పిల్ల అన్నం అడగడానికైనా నోరు తెరవలేదు. పద్యం సరేసరి.

రావోజీ గురువుగారు ప్రశ్నకు జవాబు చెప్పరు, తెర కట్టిస్తారు. ఆ మిట్టమధ్యాహ్నం తలుపులు మూయించి, దీపం వెలిగించి, తల తగిలించని రాక్షసి బొమ్మను తెరకు ఆనించారు. యశోదను తెర ముందు కూర్చోబెట్టారు. వెనకాల మేమంతా చెక్కపలకలెక్కి నిలబడ్డాం. ఇంకొకరిలా మారుగొంతు ఎత్తితే మా కాలు దానంతటదే పలకను తంతుంది. చిన్ననాటి నుంచి పడిన అలవాటు. ఎవడి దెబ్బ తీరు వాడిది.

గురువుగారు ఆ గొంతు వచ్చిన ఫోన్ నొక్కారు.

"సీ... సీ... సీతమ్మా, నో... నోరు తెరవ్వే!"

తలలేని బొమ్మలోంచి వచ్చినట్టే వచ్చిందా గొంతు. నేను మద్దెల మోగిస్తే మూడూళ్ళ అవతల పిడుగులనుకుని గొడ్లను కొట్టంలో కట్టేసేవారు. అలాంటి నాకే వెన్ను చల్లబడింది. ఏడు మేళాల అడుగుల్ని ఒకేసారి విడదీసి చెప్పగల ఈ చెవులకు, గొంతు అడుగున ఇంకేదో అప్పుడు వినిపించింది. టక టక్, ఒక ఈడ్పు. టక టక్, ఒక ఈడ్పు.

గురువుగారు ఫోన్ ఆపేశారు. గొంతు ఆగింది. చప్పుడు ఆగలేదు.

అందరం కిందికి చూశాం. కుళ్ళాయప్ప కుడికాలు. వాడు వంగి రెండు చేతులా అదిమిపట్టుకున్నాడు. చేతుల కిందే అది కొట్టుకుంటోంది.

"ఆపరా!" అన్నాను.

"నేను కొట్టట్లేదు మామా!" అన్నాడు, మొహం పాలిపోయి.

తెర అవతలి నుంచి, తొమ్మిది రోజుల తరవాత మొదటి మాట వచ్చింది. "కు... కుళ్ళాయన్నా, ను... నువ్వా?"

అప్పుడాగింది కాలు. వాడు పలకమీదే కూలబడ్డాడు. "గురువుగారూ, నేనడిగింది..." అన్నాడు.

గురువుగారు దీపం ఒత్తి తగ్గించారు.

"తెర మారింది నాయనా. కాలు అదే."