దాలమ్మ వంతు

మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఏటి ఒడ్డున ఒక భాగవతుల మేళం ఉండేది. దానికి పెద్ద గవరయ్య. వాళ్లు ఆడేది ఒకటే ఆట, ఏటితల్లి ఆట. అలిగి వెళ్లిపోయిన ఏటితల్లిని ఒక రాజు పాడి పాడి వెనక్కి పిలుచుకొచ్చిన కథ. తల్లి వేషం గవరయ్యదే.

ఆ మేళంలో దాలమ్మ అనే ముసలామె ఉండేది. ఆటలో ఆమెకు పాట లేదు, మాట లేదు. రంగులు నూరేది, వేషగాళ్ల ముఖాలకు పూసేది, వెళ్లి జనంలో కూర్చునేది.

ఒక ఏడు ఊరూరా ఆడడానికి బయల్దేరి, మొదటి ఊళ్లో ఆడారు. పద్యాలు పెద్దవి, మాటలు పాతవి. జనం ఆవలించారు.

"బాబూ, తల్లి ఏమంటోందో వీళ్లకి తెలీట్లేదు" అంది దాలమ్మ.

"తాతలనాటి మాట. అక్షరం కదిపితే తల్లికి కోపమొస్తుంది. నీ రంగులు నువ్వు నూరుకో" అన్నాడు గవరయ్య.

రంగులు నూరింది, ముఖాలకు పూసింది, వెళ్లి జనంలో కూర్చుంది.

రెండో ఊళ్లో సగంమంది మధ్యలోనే లేచిపోయారు.

"బాబూ, తల్లి ఎందుకు అలిగిందని నా పక్కనున్నామె అడిగింది. నాకూ చెప్పడం రాలేదు."

"నీ రంగులు నువ్వు నూరుకో."

రంగులు నూరింది, ముఖాలకు పూసింది, వెళ్లి జనంలో కూర్చుంది.

మూడో ఊళ్లో బావులు ఎండిపోయి ఉన్నాయి. "ఇదే మన ఆఖరి ఆట. రేపట్నుంచి కూలికి పోతాం" అన్నాడు మద్దెలగాడు. గవరయ్య తల దించుకున్నాడు.

ఆట సాగింది. రాజు పాడాడు. తల్లి కరుణించి చెయ్యెత్తి దీవించింది. జనం చాపలు చుట్టుకుంటున్నారు. అప్పుడు దాలమ్మ లేచింది.

"తల్లీ! రాజు పిలిస్తే వచ్చావు. బిందె పట్టుకుని నేను పిలిస్తే రావా?"

మద్దెల ఆగిపోయింది. గవరయ్య తిట్టబోయాడు. కానీ ఒంటిమీద తల్లి వేషం ఉంది. తల్లి నోటితో తిట్టలేడు. వచ్చిన పద్యాలన్నీ వెతుక్కున్నాడు. దేంట్లోనూ జవాబు దొరకలేదు. చివరికి ఇంట్లో మాట్లాడే మాటల్లోనే అన్నాడు:

"నేనెక్కడికి పోయానే అమ్మా? మీరే గట్టు తవ్వేశారు, చెరువు పూడ్చేశారు. నాకు దారెక్కడ ఉంచారు?"

"ఎక్కడ తవ్వమంటావు తల్లీ?" ఒకామె లేచింది.

"పై ఊరివాళ్లు కాలవకి అడ్డుకట్ట వేసేశారు. వాళ్లకేం చెబుతావు?" ఇంకొకాయన లేచాడు.

అడిగినకొద్దీ గవరయ్య పాట కట్టాడు. రాగం పాతదే, మాట కొత్తది. ఊరంతా వంత పాడింది. తెల్లారగానే పలుగులు, పారలు పట్టుకుని చెరువుకు నడిచింది.

గవరయ్య దాలమ్మ దగ్గరకొచ్చాడు. "తల్లికి కోపం రాలేదే!"

"కోపమెందుకు బాబూ? ఎన్నాళ్లనుంచో ఆమెకీ మాతో మాట్లాడాలని ఉండుంటుంది."

దాలమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో, మంగళం పాడబోయే ముందు "దాలమ్మ వంతు!" అని కేకేస్తారు. ఎవరైనా లేవొచ్చు, ఏదైనా అడగొచ్చు. పోయినేడు ఒక ఇల్లాలు లేచి, "తల్లీ, మా పంపులో నీళ్లు ఉప్పగా ఎందుకొస్తున్నాయి?" అనడిగింది. తల్లి వేషగాడు నీళ్లు నమిలాడు. జనం వదల్లేదు. జవాబు చెప్పందే ఆ ఊళ్లలో మంగళం పాడనివ్వరు.