నాలుగు కళ్ళ లెక్క

మాణిక్యాంబ గారికి ఒక అలవాటు ఉండేది. గోదావరి ముఖద్వారపు లంకల్లోకి ఎవరితో వెళ్ళినా, పడవ తిరుగు ముఖం పట్టగానే ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చుని, చూసినవి ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకోవాలి. రేవు చేరాక రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాలి. రెండింటిలోనూ ఉన్న పిట్టే పిట్ట, రెండింటిలోనూ ఉన్న సీతాకోకచిలుకే సీతాకోకచిలుక. ఒక్కదానిలోనే ఉన్నది ఎంత గొప్పదైనా జాబితాకెక్కదు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆవిడ పట్టింపు చూసి శిష్యులు చాటున నవ్వుకునేవారు. ఎదురుగా నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ శిష్యుల్లో కుక్కుటేశ్వరరావు ఒకడు. పిఠాపురం వాడు కనక అక్కడి స్వామి పేరు. పిట్టల వెంట తిరిగేవాడికి కోడి పేరుండటం పడవ వాళ్ళకి తరగని వేళాకోళం. ముప్పై దాటిన ఈ మనిషి అయిదేళ్ళుగా మొగలి లంకనే నమ్ముకుని ఉన్నాడు. ఇప్పుడా లంకలో మడచెట్లు నరికి రొయ్యల చెరువులు తవ్వుతారట. అరుదైన జీవి ఏదైనా అక్కడుందని శుక్రవారంలోగా ఇద్దరు సాక్షుల సంతకాలతో చూపిస్తే ఆపుతామన్నారు అధికారులు.

సోమవారం పొద్దున్న అతనికి నీలాంచు కనిపించింది. ఉందట అనేవాళ్ళే తప్ప చూశామనేవాళ్ళు ఇప్పుడెవరూ లేని సీతాకోకచిలుక అది. మడచెట్టు ఆకు మీద వాలి, ఫోన్ తీసేలోపు ఎగిరిపోయింది. పడవ నడిపే నూకరాజు ఆ సమయానికి బురదలో దిగబడిన పడవని నెట్టుకుంటూ వెనకెక్కడో ఉన్నాడు.

సాయంత్రం కాకినాడలో మాణిక్యాంబ గారి వసారాలో కూర్చుని కుక్కుటేశ్వరరావు సంగతంతా చెప్పాడు. "నేను చూసింది నిజమండి. నా కళ్ళ మీద ఒట్టు. మీరూ పక్కనుండి చూశారని ఒక్క సంతకం పెడితే లంక దక్కుతుంది. చూసింది నిజమైనప్పుడు రెండో జత కళ్ళు దేనికండి, అమ్మగారూ?"

ఆవిడ లోపలికి వెళ్ళి అట్ట ఊడిన పుస్తకం ఒకటి తెచ్చారు. అది ఆవిడ భర్త సర్వారాయుడు గారిదని అతను చేతిరాత చూడగానే పోల్చుకున్నాడు. దుర్భిణీ పట్టుకోవడం అతనికి నేర్పింది ఆయనే. ఆ చేతుల్లోని చుట్ట వాసన ఒక్కసారిగా గుర్తొచ్చి అతనికి దిగులేసింది.

"ఆయన పిట్టల మనిషి," అన్నారావిడ. "కార్తీకం వస్తే చాలు, ఉత్తరాన్నించి దిగే ఉల్లంకి పిట్టల కోసం మెడ ఆకాశానికే. నేను కింద ఆకుల్లో వెతుక్కునేదాన్ని. మా పెళ్ళయిన మూడో ఏడు, ఆ లంకలోనే, నీలాంచు నా కంటబడింది. అదిగో అదిగో అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. 'చూశాను మాణిక్యం, చూశాను' అన్నారు. ఆ సంబరంలో రేవులో పుస్తకాలు పక్కపక్కన పెట్టడం మరిచిపోయాను. జాబితాకెక్కించాను. నాకొచ్చిన పేరంతా దాంతో వచ్చిందే."

పుస్తకం తెరిచి అతని ముందుకు జరిపారు. ఆనాటి తారీఖు కింద పిట్టల పేర్లు వరసగా ఉన్నాయి. చివర ఒక ముక్క. "నీలాంచు నాకు కనపడలేదు. మాణిక్యం ముఖమే చూస్తూ ఉండిపోయాను."

"ఆయన పోయిన నెలకి ఇది చదివాను. మర్నాడే ఆ జాబితా అచ్చేసేవాళ్ళకి ఉత్తరం రాసి, అందులోంచి నీలాంచుని కొట్టేయించాను."

తను ఎంత పని అడిగాడో తెలిసి అతనికి సిగ్గేసింది. ఎంత ముచ్చటైన కాపురం అది అని కూడా అనిపించింది. "మీతో అబద్ధమాడారాండి ఆయన?" అన్నాడు చివరికి.

"నాతో ఆడారు. పుస్తకంతో ఆడలేదు."

"మరి లంకండి?"

"ఇంకా నాలుగు రోజులున్నాయి కదరా. రేపు పెందలాడే పడవ కట్టమని నూకరాజుతో చెప్పు. డెబ్బై రెండేళ్ళదాన్ని, బురదలో నువ్వే చెయ్యి పట్టుకోవాలి." ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు అదిగో అన్నప్పుడు మాత్రం, నేను నీ ముఖం వంక చూడను."