అనఘకు పంపిన బొమ్మ

బందరులో త్రివిక్రమరావు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ముందు చేతిలో పని కానివ్వు" అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకు వినపడలేదేమో అనుకునేవారు. ఆయన విన్నారనీ, జవాబు ఏదో ఒక రూపంలో వస్తుందనీ పాతవాళ్ళకు తెలుసు.

ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత రంగు కాగితాలను బ్లేడుతో కోసి, పొర మీద పొర పేర్చి బొమ్మలు కట్టడంలో పడ్డారు. వేళ్ళు వణకడం మొదలయ్యాక కోడలు ఒక చిన్న మిషను కొనిపెట్టింది. కంప్యూటరులో గీసిన గీత వెంబడే అది సన్నటి బ్లేడుతో కాగితాన్ని కోసిపెడుతుంది. కోత మిషనుదే గాని, కోసిన పొరలను పేర్చి అతికించడం మనిషి చేతిమీదే జరగాలి. ఆ పని నేర్చుకోవడానికి సెలవురోజుల్లో ఆయన వసారాలోకి ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చునేవారు. వారిలో వకుళ ఒకతె.

వకుళ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసేది. పెళ్ళి చేసుకోలేదు. భిలాయిలో ఉండే తమ్ముడు శశిధర్ భార్య పురిట్లోనే పోతే, పొత్తిళ్ళలో ఉన్న పిల్లను వకుళే తెచ్చి పెంచింది. పిల్ల పేరు అనఘ. మాటలు రాగానే వకుళను "అమ్మా" అంది. "అత్త అనాలి తల్లీ" అని వకుళ మొదట్లో దిద్దింది. దిద్దిన ప్రతిసారీ తన గొంతే బొంగురుపోతుంటే, కొన్నాళ్ళకు దిద్దడం మానేసింది. పిల్ల నిద్రపోయేటప్పుడు వకుళ కొంగును పిడికిట్లో చుట్టుకునేది. తెల్లవారి లేవాలంటే ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పుకోవలసి వచ్చేది.

అనఘ బడికి వెళ్ళే వయసు వచ్చాక శశిధర్ మళ్ళీ పెళ్ళి చేసుకుని, కూతుర్ని తనతో తీసుకుపోయాడు. అందులో తప్పేమీ లేదు. కొత్త భార్య సుధీర నెమ్మదైన మనిషి, పిల్లంటే ఇష్టపడే మనిషి. అదే వకుళకు కష్టమైంది. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

మొదట్లో వకుళ రోజూ ఫోన్ చేసేది. ఒకనాడు తమ్ముడు నసుగుతూ అన్నాడు. "అక్కా, నువ్వు మాట్లాడిన రోజు అది అన్నం తినదు, సుధీర దగ్గరికి రాదు. నిన్ను వద్దనడానికి నాకు నోరు రావడం లేదు. కొన్నాళ్ళు కాస్త తగ్గిస్తావా?"

"అలాగే నాన్నా" అంది వకుళ. నిజంగానే తగ్గించింది. కాని చెవులు తగ్గవు కదా. వీధిలో ఏ పిల్ల ఎవరిని "అమ్మా" అని పిలిచినా ఆమె తల అటు తిరిగేది. బజారుకు వెళితే చేతులు వాటంతటవే చిన్న గాజుల దగ్గరికి పోయేవి. పొద్దున్నే మెలకువ రాగానే కొంగును మెల్లగా, ఎవరి చేతిలోంచో విడిపించుకుంటున్నట్టు లాక్కునేది. కొంగుకు అవతల ఎవరూ ఉండేవారు కాదు.

అనఘ పుట్టినరోజు దగ్గరపడింది. వకుళ తన ఇంటి పెరడునే బొమ్మగా గీసింది. అన్నిటికంటే వెనక నీలం ఆకాశం, దాని ముందు పిట్టగోడ, గోడ ముందు బాదంచెట్టు, చెట్టు ముందు తీగమీద ఆరేసిన బట్టలు, అన్నిటికీ ముందు వంటింటి గడపమీద కూర్చున్న పిల్ల. తమ్ముడికి చెప్పకుండా భిలాయికి రైలు టిక్కెట్టు తీసుకుంది. బొమ్మ పట్టుకుని గుమ్మంలో నిలబడితే పిల్ల ఎలా పరుగెత్తుకొస్తుందో తలుచుకుని తనలో తనే నవ్వుకునేది. సుధీర ముఖం ఎలా ఉంటుందన్నది తలుచుకునేది కాదు.

ఆ ఆదివారం మిషను పొరలన్నీ కోసిపెట్టింది. వకుళ వాటిని బల్లమీద పరుచుకుని, పని మొదలుపెట్టకుండా కూర్చుంది. తర్వాత మాస్టారికి అంతా చెప్పింది, టిక్కెట్టు సంగతితో సహా.

"మాస్టారూ, ప్రేమ ఉన్నచోట దూరం ఎందుకుండాలి?" అని అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ముందు చేతిలో పని కానివ్వమ్మా" అన్నారు.

వకుళ అతికించసాగింది. చేతులు బందరులో ఉన్నాయి, మనసు భిలాయి గుమ్మంలో ఉంది. పొరకూ పొరకూ నడుమ స్పాంజి బిళ్ళలు పెట్టాలి. రెండువైపులా జిగురుండే ఆ బిళ్ళలు మొదటిరోజే మాస్టారు అందరి చేతికీ ఇచ్చి నేర్పిస్తారు. అవి బల్లమీదే, ఆమె మోచేతి దగ్గరే ఉన్నాయి. వకుళ వాటిని చూడలేదు. ఆకాశానికి జిగురు రాసి గోడను అదిమింది. గోడకు రాసి చెట్టును అదిమింది. అంచులు లేవకుండా అరచేత్తో నిమిరి నిమిరి అతికించింది. మాస్టారు ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నారు.

అంతా అయ్యాక బొమ్మను నిలబెట్టి చూసుకుంది. ఏదో పాత క్యాలెండరు కాగితంలా ఉంది. గోడలో చెట్టు కలిసిపోయింది, ఆరేసిన బట్టల్లో పిల్ల కలిసిపోయింది. ఎక్కడా ఒక్క నీడ లేదు. అప్పుడు గాని పొరలను ఎడంగా నిలిపే బిళ్ళల సంగతి ఆమెకు గుర్తు రాలేదు. గోటితో పిల్ల అంచును లేపబోయింది. జిగురు ఆరిపోయింది. ఇంకొంచెం గట్టిగా లాగితే పిల్ల భుజం దగ్గర కాగితం చిరిగింది.

వకుళ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరు చూస్తూనే ఉన్నారు కదా మాస్టారూ, ఆపకూడదా?"

"నువ్వు ఎంత ప్రేమగా అదుముతున్నావో చూస్తున్నాను. ఆపడానికి మనసొప్పలేదమ్మా" అన్నారాయన. మిషను వైపు తిరిగి, "కాగితాలున్నాయిలే. మళ్ళీ కోద్దాం" అన్నారు.

మిషను మళ్ళీ కోసింది. అది కదులుతున్నంతసేపూ వకుళ చిరిగిన పిల్లనే చూస్తూ కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు. మాస్టారు వీధివైపు తిరిగి కూర్చున్నారు. కొత్త పొరలు చేతికొచ్చాక ఆమె స్పాంజి బిళ్ళల పొట్లం దగ్గరికి లాక్కుంది. ఒక బిళ్ళ తీసింది, మళ్ళీ పొట్లంలోనే వేసేసింది. పొరలన్నిటినీ వరసగా ఒక కవరులో సర్ది, పొట్లాన్ని కూడా అందులోనే పెట్టింది.

"అతికించవా?" అన్నారు మాస్టారు.

"వాళ్ళిద్దరూ అక్కడ అతికించుకుంటారు మాస్టారూ."

మర్నాడు ఆమె కవరును కొరియర్లో పంపింది. పైన అనఘ పేరుతో పాటు సుధీర పేరు కూడా రాసింది. టిక్కెట్టు రద్దు చేసుకుంది.

పుట్టినరోజు వెళ్ళిపోయింది. శశిధర్ ఫోన్ చేసి, "అందిందక్కా" అని మాత్రం అన్నాడు. పిల్ల ఇంట్లో లేదట, సుధీరతో పార్కుకు వెళ్ళిందట. వకుళ "మంచిది" అంది. ఫోన్ పెట్టేశాక పెరట్లోకి వెళ్ళి, ఆరని బట్టలను తీగమీంచి తీసి, మడతపెట్టి, తడిగానే ఉన్నాయని మళ్ళీ ఆరేసింది. వెళ్ళి ఉంటే ఈపాటికి తను పిల్ల మెడచుట్టూ చేతులు వేసి ఉండేది. ఆ మెడదగ్గర కొబ్బరినూనె వాసన కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. ఇదంతా మంచికే అని ఎంత చెప్పుకున్నా ఆ కొట్టుకోవడం ఆగలేదు. తర్వాత కూడా ఆగలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వీడియో ఫోన్ వచ్చింది. చేసింది సుధీర. నేలమీద పొరలన్నీ పరిచి ఉన్నాయి. పక్కనే అనఘ బోర్లా పడుకుని ఉంది. పై పన్ను ఒకటి ఊడింది, జుట్టు పొట్టిగా కత్తిరించారు.

"వదినా, ఈ స్పాంజి ముక్కలు ఎందుకని ఇది అడుగుతోంది. నాకూ తెలియలేదు. మిమ్మల్నే అడుగుదామని చేశాం" అంది సుధీర.

వకుళ ఫోనును దగ్గరికి తెచ్చుకుంది. "కాగితాలు ఒకదాన్నొకటి నొక్కేసుకోకుండా" అంది. "మూలల్లో పెట్టండి, మధ్యలో ఒకటి పెట్టండి."

తల్లీకూతుళ్ళు పేర్చుకుంటూ పోయారు. వకుళ చూస్తూ కూర్చుంది. చెట్టు కొంచెం పక్కకు ఒరిగింది. చెప్పాలని నోటిదాకా వచ్చింది గాని చెప్పలేదు. చివరికి గడపమీది పిల్లను రెండు చేతులతో పట్టుకుని అనఘ తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఇక్కడేనా?"

ఇక్కడ వకుళ పలకబోయి ఆగింది. ఫోనులో చూస్తే, సుధీర కూడా నోరు తెరిచి ఆగిపోయింది. ఒకరు పలుకుతారని ఒకరు ఊరుకున్నారు. పిల్ల తల ఎత్తి, ముందు సుధీరను, తర్వాత ఫోనులోకి వకుళను చూసి, ఎవరి జవాబూ లేకుండానే బొమ్మలోని పిల్లను తనకు నచ్చినచోట పెట్టేసింది.

ఆదివారం వకుళ వచ్చి ఇదంతా మాస్టారికి చెప్పింది. చెబుతూ మధ్యలో నవ్వింది.

"ఇంతకూ అప్పుడు ఎవరు పలకవలసింది మాస్టారూ?" అని అడిగింది.

ఈసారి మాస్టారు చేతిలో పని కానివ్వమనలేదు.

"ఇద్దరూ ఆగారన్నావు కదమ్మా" అన్నారు. "పిల్ల నిలబడడానికి ఆ మాత్రం చోటు చాలు."