మొదటి గుక్క

రత్నావళి గారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో తీసుకెళ్ళేవారు. తిరిగొచ్చేలోగా జవాబు దొరకడం, దొరకకపోవడం వాళ్ళ అదృష్టం.

ఆమె నడిపే స్త్రీల పత్రికలో పనిచేసే శిష్యురాలు హైమ ఒకనాడు ఆమె ఎదుట నిలబడింది.

"మేడమ్, చలపతిని చూస్తే నాకు కడుపు మండిపోతోంది. పత్రిక మనది, సమీక్షల పేజీ అతనిది. ఏ పుస్తకం మంచిదో అతను చెప్తాడు, ఊరంతా వింటుంది. నేనేమో ప్రూఫులు దిద్దుతూ కూర్చున్నాను. ఆ పేజీ నాకివ్వండి. లేదంటే ఈ అసూయ పోయే దారైనా చెప్పండి."

"సాయంత్రం విందుకు రా," అన్నారామె.

పత్రిక వార్షికోత్సవానికి అందులో పనిచేసే మా అందరికీ విశాఖ బీచి రోడ్డులోని ఒక హోటల్లో విందు. రెడ్ వైన్ తెప్పించారు. సీసా తెరిచాక ముందు ఒక్కరికి ఒక్క గుక్క పోసి, వాళ్ళు బాగుందంటేనే మిగతావాళ్ళకు పోయడం అక్కడి మర్యాద. బల్ల చుట్టూ చలపతి తప్ప అందరం ఆడవాళ్ళమే. బేరర్ ఎవరినీ అడగలేదు. మా వీపుల వెనకనుంచి నడుచుకుంటూ వెళ్ళి అతని గ్లాసులోనే పోశాడు. రుచి మీసంలో ఉంటుందని ఆ హోటల్లో నేర్పుతారు కాబోలు. చలపతి గ్లాసు తిప్పాడు, వాసన చూశాడు, కళ్ళు మూసుకుని "అద్భుతం" అన్నాడు. ఆ గుక్క తన నోట్లోంచి లాక్కున్నట్టు చూసింది హైమ.

తన గ్లాసు నిండగానే ఒక్క గుక్క తాగి ఠక్కున కింద పెట్టేసింది.

"ఇదేం వైనండీ! పులిసిపోయింది. తడిసిన అట్టపెట్టె కంపు."

"అందని ద్రాక్ష పుల్లన అంటారు కదా హైమ గారూ," అన్నాడు చలపతి.

బల్లంతా నవ్వింది. ఆడవాళ్ళమే కాస్త గట్టిగా నవ్వాం. నవ్వుతూనే ఆ పులుపు మింగాం.

రత్నావళి గారు మాత్రం బేరర్‌ని పిలిచారు. "అదే వైన్, ఇంకో సీసా తెండి. ఈసారి ఈ అమ్మాయి రుచి చూస్తుంది."

బేరర్ చేతిమీద తెల్లగుడ్డతో హైమ పక్కన వంగాడు. చలపతి మొహం మాడిపోయింది. హైమ అచ్చం అతనిలాగే గ్లాసు తిప్పింది, అతనిలాగే వాసన చూసింది. గుక్క నోట్లో పడగానే ఆమె దవడలు పులుపుకి బిగుసుకోవడం ఎదురుగా కూర్చున్న నాకు కనిపించింది. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. అలా చూడటం అదే మొదటిసారి.

"బాగుంది," అంది హైమ. "చాలా బాగుంది. పోయండి."

బేరర్ అందరికీ పోశాడు.

హోటల్ మెట్లు దిగుతూ ఆమె గురువుగారి చెయ్యి పట్టుకుంది. "చిత్రం మేడమ్! ఇప్పుడు చలపతి మీద నాకే మంటా లేదు. పూర్తిగా పోయింది. మరి, ఆ పేజీ?"

రత్నావళి గారు ఒక మెట్టు మీద ఆగారు.

"కుళ్ళుకున్నంతసేపూ నీ నాలుక నిజమే చెప్పింది, హైమా," అన్నారు.