గవ్వమ్మ కాళ్లు ముడుచుకున్న వేళ

ఒకప్పుడు పెంకుపురుగులన్నీ ఎండలోనే తిరిగేవి. పూల పుప్పొడి తినేవి. వాటి వీపులు పసుపు ముద్దల్లా మెరిసేవి.

ఒక ఏడు అడవికి ముసురు పట్టింది. పట్టిన ముసురు వదల్లేదు. పూలన్నీ కుళ్లిపోయాయి. గవ్వమ్మ అనే పెంకుపురుగు పిల్లలు ఆకలికి ఏడవడం కూడా మానేశారు.

లోయలో ఒక మద్దిమాను కూలిపోయి ఉంది. దాని ఒంటినిండా తెల్లటి కుక్కగొడుగులు మొలిచాయి, అచ్చం చెవుల్లా. ఏ పురుగూ అటు పోయేది కాదు. ఆ మానులో మిగిలిన ప్రాణాన్ని కొంచెం కొంచెంగా పట్టుకుపోవడానికి మృత్యువు రోజూ వస్తుందని అందరికీ భయం.

వేరే దారి లేక గవ్వమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికే పోయింది.

"ఎవరది?" అంది పెద్ద గొడుగు. దానికి నోరు లేదు. మాట మాత్రం వచ్చింది.

"నేను, అవ్వా, గవ్వమ్మని. పిల్లలు తిండి లేక సొమ్మసిల్లిపోతున్నారు."

"లోపలికి రండి. నన్నే తినండి. కానీ పిల్లా, వాన చప్పుడు ఆగితే మాత్రం కదలకండి. మృత్యువు వచ్చిందన్నమాట."

గవ్వమ్మా, పిల్లలూ గొడుగును తొలుచుకుంటూ లోపలికి దూరారు. కరకరా నమిలారు. కడుపులు నిండాయి.

ఉన్నట్టుండి వాన చప్పుడు ఆగింది. వాన మాత్రం పడుతూనే ఉంది.

"ఎవరో నములుతున్నారు," అంది బయట ఒక గొంతు.

"మాను పుచ్చుతున్న చప్పుడులే," అంది గొడుగు.

"కాదు. ఆకలిగా ఉన్నవాళ్ల చప్పుడు."

సన్నటి వేలొకటి గొడుగు మీద పాకింది. ఒక్కో కన్నాన్నీ తడిమింది. అందరికన్నా చిన్నది వణికింది. వేలు అటు తిరిగింది.

గవ్వమ్మ ఇక ఆగలేకపోయింది. కన్నంలోంచి ఒక్క దూకు దూకి, కాళ్లు ముడుచుకుని, ఆ వేలి ముందే టప్పున పడింది.

వేలు దాన్ని దొర్లించింది. వెల్లకిలా వేసింది. తాకిన చోటల్లా పసుపు వన్నె ఆరిపోయి బొగ్గులా మారింది. చలి గుండెదాకా పాకింది. అయినా గవ్వమ్మ మీసం కూడా కదపలేదు.

"ఓ, ఇదా! ఇది ఎప్పుడో నాదైపోయింది," అని గొణుక్కుంటూ మృత్యువు వెళ్లిపోయింది.

వాన మళ్లీ వినిపించింది. "అమ్మా! అమ్మా!" అని పిల్లలు పిలిచారు. చాలాసేపటికి గవ్వమ్మ కాలొకటి కదిలింది. మెల్లగా లేచి, గొడుగులోకి పాకి, పిల్లల్ని దగ్గరికి తీసుకుంది.

"ఇక్కడే ఉండిపోదాం," అంది. ముసురు వదిలి ఎండ కాసినా బయటికి రాలేదు.

అప్పటినుంచే గవ్వమ్మ వంశపు పురుగులు నల్లగా ఉంటాయి. చచ్చిన మానుల మీది గొడుగుల్లోనే కాపురముంటాయి, వాటినే తింటాయి. వేలితో తాకామా, కాళ్లు ముడుచుకుని కిందపడి, చచ్చినట్టు ఉండిపోతాయి. ఆ వేలు ఎవరిదో వాటికి తెలియదు కదా మరి!