నక్క దాచిన మాట్లాడే పెట్టె

గుమ్మగొందిలో ఫోనుకు సిగ్నల్ అందదు. కొండ మీది బండ ఎక్కితే కాస్త వస్తుంది. ఫోను పట్టుకుని ఆ బండ ఎక్కేది నక్క పాపన్న ఒక్కడే. ఎవరికి రోగమొచ్చినా, విత్తనాలు చల్లాలన్నా ఆయనగారి కాళ్లు పట్టుకోవాల్సిందే. ఊరికే చెప్పే రకమా ఆయన? తేనెపట్టో కోడిగుడ్లో ముట్టాకే నోరు విప్పేవాడు.

అలాంటి చోటికి ఎద్దు ధర్మయ్య ఒక పెట్టె తెచ్చాడు. ఉప్పూ బెల్లం కోసం గురువారం సంతకు కిందికి వెళ్తాడు కదా, అక్కడి బడిలో ఇంటర్నెట్ కబుర్లన్నీ అందులో నింపుకొచ్చేవాడు. తన వీపు మీద కట్టిన నల్ల పలకకు ఎండ తగిలి కరెంటు పుడితే చాలు, సిగ్నల్ లేకున్నా పెట్టె చక్కగా మాట్లాడేది. ధర్మయ్య నియమం ఒక్కటే: విన్నవాళ్లు రానివాళ్లకు చెప్పాలి.

దాంతో పాపన్న గుమ్మం తొక్కేవాళ్లే లేకపోయారు. ఒక మధ్యాహ్నం ధర్మయ్య బరువు దించి వాగులో నీళ్లు తాగుతుంటే పాపన్న పెట్టె ఎత్తుకుపోయాడు. నల్ల పలకను మాత్రం బస్తా కింద వేసే గంత అనుకుని వదిలేశాడు. ఏనాడైనా బరువు మోసిన వీపైతే కదా తెలిసేది.

మర్నాడే మేక చుక్కమ్మ పిల్లకు పారుడు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పుట్టి ఆరు రోజులు. సంత రోజునే ఈనింది కాబట్టి పెట్టె చెప్పిందేమీ చుక్కమ్మ వినలేదు. పిల్ల నిలబడలేకపోతుంటే, పెట్టె కూడా లేకపోయేసరికి పాపన్న దగ్గరికి పరుగెత్తింది.

పాపన్న తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. పెట్టె వాగులో కొట్టుకుపోయిందట, వైద్యం తనకు తెలుసట, అయితే దగ్గరుండి చెయ్యాలట.

"పిల్లను రెండు రోజులు నా గుహలో వదిలెయ్, చెల్లీ."

ఆ గుహలోకి వెళ్లిన పిల్ల ఏమవుతుందో చుక్కమ్మకు తెలియదా? తెలుసు. అయినా కళ్లముందే పోతున్న బిడ్డను చూస్తూ కూర్చోలేక, ఇంటికెళ్లి ఏడుస్తూ పిల్లను తీసుకుని గుహకు బయల్దేరింది.

దారిలో కోడి రంగమ్మ ఎదురై, పది అడుగులు వెనక్కి జరిగింది. పదకొండో రోజు పురుడు తీరేదాకా బాలింత దగ్గరికి ఎవరూ పోరక్కడ. దూరం నుంచే సంగతి విని తల బాదుకుంది.

"నీకు చెప్పాల్సింది నేనే, చుక్కా. పురుడు తీరాక చెబుదామని ఆగాను. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలిపి గుక్కగుక్కగా పట్టు. పాలు మాన్పించకు."

చుక్కమ్మ అటునుంచటే ఉప్పూ బెల్లం కోసం ధర్మయ్య ఇంటికి పరుగు తీసింది. మూడో రోజుకు పిల్ల లేచి తల్లి పొదుగు కుమ్మింది.

ఆ వారమే కుళ్లిన చేప తిని పాపన్నకు విరేచనాలు పట్టుకున్నాయి. బండ ఎక్కే సత్తువ లేదు. నల్ల పలక లేక, ఎండ మొహం చూడక పెట్టె ఎప్పుడో మూగబోయింది. పిల్ల కోలుకుందని విని, దేక్కుంటూ చుక్కమ్మ వాకిట్లోకి వచ్చి పడ్డాడు.

"పెట్టెను ఎంత తట్టినా పలకలేదు చెల్లీ, ఏదైనా మందు చెప్పు."

"వాగులో పోయిన పెట్టెను ఎలా తట్టావన్నా?" అంది చుక్కమ్మ.

అయినా చుక్కమ్మ మందు చెప్పింది, ఉప్పూ బెల్లం ఇచ్చింది. పెట్టెను ధర్మయ్యకు అప్పగించి, ఈ మందు ఇంకొకరికి చెప్పి రమ్మంది. ఇప్పుడు గుమ్మగొందిలో పురిటింటికి కూడా గడప బయట నిలబడి కబురు చెప్పి వస్తున్నారు.

నీతి: నలుగురికీ చెప్పిన మాట ఆపదలో ఎదురొస్తుంది, దాచిన మాట దాచినవాడికీ అక్కరకు రాదు.