నిప్పు కోసిన గుమ్మడికాయ

అనగనగా ఒక ఊరు. మన కథ ఆ ఊళ్ళోది కాదు. ఊరు దాటితే కాలవ, కాలవ దాటితే ఒకే ఒక్క కుమ్మరి ఇల్లు. ఆ ఇంట్లోది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఆఁ, అలాగ. నువ్వు ఊఁ కొట్టడం మానేస్తే నేనూ చెప్పడం మానేస్తా, ముందే అంటున్నా.

ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. గవరయ్య కుండలు చేసేవాడు. నూకాలు అతని పెళ్ళాం. అసిరమ్మ అతని తల్లి. ముసలిదానికి కళ్ళు పొరలు కమ్మేసి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. గవరయ్య ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు.

ఒక కార్తీకంలో గవరయ్య కావడినిండా కుండలు కట్టుకుని సంతకి వెళ్ళాడు. అప్పుడు తుఫాను పట్టుకుంది. కాలవ పొంగింది. కాలవ మీద వంతెనలా వేసిన తాటిదుంగ కొట్టుకుపోయింది. ఎటు చూసినా నీళ్ళే, నీళ్ళ మీద పొగమంచు. వెళ్ళినవాడు రాలేదు, ఊళ్ళోంచి ఇంకెవరూ రాలేదు.

ఇంట్లో చోళ్ళపిండి, అదే రాగిపిండి, అడుగంటింది. అత్తాకోడళ్ళు పలచగా అంబలి కాచుకుని తాగుతున్నారు. అందులోకి నంజుకోడానికి పచ్చిమిరపకాయ కూడా లేదు. ఉన్నదల్లా అటక మీద ఒక గుమ్మడికాయ. బాగా పండి ఎర్రగా ఉంది, ఇద్దరికి వారం రోజులొస్తుంది.

మరి కోసుకుని తినొచ్చు కదా అంటావు. అదే వచ్చింది తంటా! గుమ్మడికాయని ఆడవాళ్ళు కొయ్యకూడదని మన పెద్దలనేవారు. గుమ్మడికాయంటే ఇంటి పెద్దకొడుకుతో సమానం. ఆడది కత్తి పెడితే ఆ కొడుక్కి కీడు. మొదటి గాటు మగవాడే పెట్టాలి. నవ్వకు! కొడుకు వరదలో ఉన్నప్పుడు నవ్వులాటా?

"మొదటి గాటు పెట్టినవాడే ఆ ఇంటికి మగదిక్కు. ఒక ఇంటికి ఇద్దరుండరు, ఒక్కడే," అని అసిరమ్మ కోడలికి చెప్పింది. నూకాలు సరే అత్తా అంది. అందుకే ఆ కాయని అటక మీదే ఉంచేశారు.

ఆ తర్వాత ఒకరోజు మిట్టమధ్యాహ్నం వాన ఆగింది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. అప్పుడు తడిక తలుపు అవతల ఎవరో పిలిచారు.

"నూకాలూ! గుమ్మడికాయ ఇంకా కొయ్యలేదా? కత్తి ఇటియ్యి, నేను కోస్తా."

గవరయ్య గొంతే! నూకాలుకి ప్రాణం లేచొచ్చింది. మావా అంటూ పరిగెత్తింది. తడిక మీద చెయ్యి కూడా వేసింది. అప్పుడు కింద సందులోంచి కాళ్ళు కనిపించాయి. పొంగిన కాలవ దాటి వచ్చినవాడి కాళ్ళు ఎలా ఉండాలి? తడవాలా వద్దా? ఆ కాళ్ళకి చుక్క తడి లేదు. బూడిద రాసుకున్నట్టు తెల్లగా, పొడిగా ఉన్నాయి.

నూకాలు చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది. వచ్చినవాడు తలుపు తియ్యమనలేదు. ఆకలేస్తోందనలేదు. అమ్మ ఎలా ఉందనలేదు. కత్తే అడిగాడు. ఇంట్లో గుమ్మడికాయ ఉందని కూడా వాడికెలా తెలిసిందో!

"కత్తి మొండిబారింది, నూరాలి," అంది నూకాలు.

"నూరు. మళ్ళీ వస్తా," అంది ఆ గొంతు. అడుగుల చప్పుడు లేదు. చూస్తే సందులో కాళ్ళు లేవు.

మర్నాడు మళ్ళీ అదే వేళకి వాన ఆగింది. మళ్ళీ అదే పిలుపు. ఈసారి కోడల్ని పిలవలేదు.

"ఏం ముసలీ, నామీద బెంగెట్టుకున్నావా? కత్తి ఇప్పించు, కాయ కోసిపెడతా."

ముసలీ అని గవరయ్యే పిలుస్తాడు తల్లిని, ఆటపట్టించడానికి. ఇంకెవరికీ తెలియదు. ఆ మాట వినగానే అసిరమ్మ భోరుమంది. "నా నాయనే! తియ్యవే తడిక!" అని పాక్కుంటూ బయల్దేరింది. నూకాలు అత్త నడుం పట్టుకుని ఆపింది.

"అత్తా, వాడి కాళ్ళు పొడిగా ఉన్నాయి. వాడు నీ కొడుకు కాదు," అని చెవిలో చెప్పింది. వినిపించుకుంటేనా? కన్నపేగు కదా, కొట్టుకుంటోంది. నూకాలు బయటికి మాత్రం, "కాయ అటక మీదుంది, నాకు అందట్లేదు," అని అరిచింది.

"దింపి ఉంచు. మళ్ళీ వస్తా," అంది ఆ గొంతు.

అసిరమ్మ ఆ పూట అంబలి ముట్టలేదు. "నా కొడుకుని గుమ్మంలో నిలబెట్టావు. ఆ పాపం నిన్ను ఊరికే వదలదు. రేపు కత్తి నేనే ఇస్తాను, నువ్వడ్డమొస్తే నీ కాళ్ళకింద పడి చస్తాను," అని తెగేసి చెప్పింది. కత్తి తీసి తన చీరకొంగుకి కట్టేసుకుంది.

నూకాలుకి ఏడుపు తన్నుకొచ్చింది. కత్తి వాడి చేతికి వెళ్ళిందా, గాటు వాడిది, ఇల్లు వాడిది. అప్పుడు అసలు గవరయ్యకి ఈ ఇంట్లో చోటెక్కడ? ఎక్కడున్నాడో, ఇక ఎప్పటికీ రాడు. పోనీ కాయని కాలవలో పారేద్దామా అంటే పెద్దకొడుకులాంటి కాయ, చేతులెలా వస్తాయి?

తెల్లారింది. నూకాలు కాయని దింపి ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. కొయ్యకూడదు, పారెయ్యకూడదు. కాల్చకూడదని మాత్రం ఏ పెద్దలూ చెప్పలేదే!

అంత కాయ పొయ్యిలో పట్టదు. అయితేనేం, అది కుమ్మరి ఇల్లు. పాక కింద ఆవం ఉంది, అంటే కుండలు కాల్చే పెద్ద బట్టీ. ఆ పిల్ల లేచి కాయకి బంకమట్టి దట్టంగా మెత్తింది, ఎక్కడా తొక్క కనపడకుండా. పిడకలు పేర్చి, మధ్యలో కాయని కూర్చోబెట్టి నిప్పు పెట్టింది. ఆ తర్వాత ఆవం మూతి మూసేసింది.

కాసేపటికి లోపల్నించి చప్పుడు మొదలైంది. ముందు బుస్సుమని. తర్వాత ఎవరో నిద్రలో మూలిగినట్టు. ఆ తర్వాత ఠప్పుమని పెద్ద చప్పుడు. మట్టి బీటలేసింది, మట్టితోపాటు కాయ కూడా తనంతట తనే నిలువునా విచ్చుకుంది. తియ్యటి వాసన గుప్పుమని లేచి నీళ్ళ మీదుగా పోయింది. నూకాలు కాయని బయటికి లాగి, బెల్లప్పాకంలా మెత్తబడిన గుజ్జు మీద నాలుగు ఉప్పుకల్లు నలిపి చల్లింది. నూనె లేదు, పోపు లేదు, అంతే వంట.

ఆకు మీద పెట్టి ఇంట్లోకి తెచ్చేసరికి నడినెత్తికి పొద్దొచ్చింది. తడిక అవతల పొడికాళ్ళు నిలబడి ఉన్నాయి. తడిక కన్నాల్లోంచి ఈసారి మొహం కూడా కనిపించింది. అచ్చం గవరయ్య మొహం!

"ఎవరు కోశారు?" అంది ఆ మొహం.

"ఎవరూ కొయ్యలేదు. నిప్పే కోసింది," అంది నూకాలు. గట్టిగానే అంది.

 వాడు ఎంతో దీనంగా, "అమ్మా, ఆకలేస్తోందే. నాకో ముక్క పెట్టవూ?" అన్నాడు.

అసిరమ్మ తడుముకుంటూ లేచింది. అన్నిటికంటే పెద్దముక్క తీసుకుంది. తడిక సందులోకి చెయ్యి పెట్టబోయి, ఆగింది.

"గుమ్మడికాయ తింటావా నాయనా?"

"తింటానమ్మా. నాకెంతో ఇష్టం కదా."

ముసలిది చెయ్యి వెనక్కి లాగేసుకుంది.  "నా కడుపున పుట్టినవాడు దీని వాసనొస్తే వాకిట్లో కూడా నిలబడడు. నువ్వెవడివిరా?"

 సందులో కాళ్ళు అటు తిరగలేదు, ఇటు కదల్లేదు. నేల మీద తడి ఆరిపోయినట్టు, ముందు వేళ్ళు, తర్వాత పాదాలు, ఆ తర్వాత మడమలు మాయమయ్యాయి. అసిరమ్మ కోడల్ని కావిలించుకుని, "నా తల్లే, నిన్నెన్ని మాటలన్నానే," అని ఏడ్చింది. నూకాలు కూడా ఏడ్చింది.

పొద్దు వాలకముందే మళ్ళీ పిలుపు! "నూకాలూ... తడిక తియ్యి..." గొంతు బొంగురుపోయి ఉంది. సందులోంచి చూస్తే మోకాళ్ళదాకా బురద. అయినా నూకాలు తియ్యలేదు. దెబ్బ తిన్న మనిషి కదా, నమ్ముతుందా? అప్పుడు అసిరమ్మ ఆ ముక్కే తీసుకుని సందులోంచి బయటికి చాపింది.

"తింటావా?"

"అబ్బా! తియ్యవే ముసలీ అవతలికి! కడుపులో తిప్పుతోంది!"

నువ్వు నవ్వావు చూడు, వాళ్ళూ అలాగే ఏడుస్తూ నవ్వారు. తడిక ఊడొచ్చేలా లాగారు.

గవరయ్య ఇంటికొస్తూ మూడురోజులు నీళ్ళ మధ్య ఒక దిబ్బ మీద చిక్కుపడ్డాడట. మంచులో ఇల్లు ఏ దిక్కునుందో తెలియలేదు. మొదటిరోజు మధ్యాహ్నం నూకాలూ అని కేకేద్దామని నోరు తెరిస్తే గొంతు లేదు. రెండోరోజు తల్లి గుర్తొచ్చింది, ఆవిణ్ణి ఏమని పిలుస్తాడో ఆ పిలుపు గుర్తు రాలేదు. మూడోరోజు దాహానికి నీళ్ళ మీదికి వంగి చూశాడు. నీళ్ళలో మబ్బులున్నాయి, తన మొహం లేదు.

"సరిగ్గా అప్పుడు గుప్పుమని ఆ పాడు వాసన కొట్టిందమ్మా. నా చెయ్యి దానంతటదే ముక్కు మూసుకోడానికి లేచింది. మూసుకున్నా. ముక్కుంది! ఆ వాసన ఎటునుంచొస్తే అటే నడిచా, పీకల్లోతు నీళ్ళలో."

అసిరమ్మ కొడుకుని ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళు లేనిది కదా, చేతుల్తోనే చూసుకుంది. నుదురు, కళ్ళు, ముక్కు, గడ్డం. చివరిదాకా తడిమి, మళ్ళీ మొదటినుంచీ తడిమింది.

కాలిన కాయ కంచంలోకి,
పొంగిన నీళ్ళు కాలవలోకి,
కథేమో కంచి దారిలోకి,
కళ్ళేమో నిద్దట్లోకి,
మనమేమో దుప్పట్లోకి!